“ఒక్క పేరు చెప్పండి చాలు, వెళ్లి కొనేస్తాను”

కరీంనగర్ నుంచి ఒక టీచర్ రాసిన ఉత్తరం ఇది. నాలుగు పేజీలు. గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు 42 ఏళ్లు. ప్రైమరీ స్కూల్లో ఎస్జీటీ. బదిలీల్లో ఇంటికి 16 కిలోమీటర్ల దూరంలోని పల్లెకు వెళ్లాల్సి వచ్చింది. టౌన్లో నాలుగు కిలోమీటర్లు, రాజీవ్ రహదారి మీద ఆరు, అక్కడి నుంచి లోపలి రోడ్డు మీద మరో ఆరు. మహాలక్ష్మి పథకం వచ్చినప్పటి నుంచి బస్సుకు టికెట్టు లేదు. కానీ పల్లెవెలుగు ఉదయం ఎనిమిదింటికి ఒకటి, పదింటికి ఒకటి. మొదటిది దొరక్కపోతే ఆ రోజు లీవే. స్టేజీ దగ్గర దిగాక మూడు కిలోమీటర్లు షేర్ ఆటో, అది నిండితే గానీ కదలదు. సాయంత్రం ఇల్లు చేరేసరికి ఆరున్నర దాటుతుంది.

అందుకని స్కూటర్ కొనాలనుకున్నారు. చిట్టీ ఎత్తిన డబ్బు 90 వేలు చేతిలో ఉంది. గొడవ అక్కడే మొదలైంది. భర్త “కొంటే 125 సీసీదే కొనాలి, నేనూ వాడుకుంటాను, ఇంటర్ చదివే బాబూ వాడుకుంటాడు” అన్నారు. తమ్ముడు “అక్కా, ఈ రోజుల్లో పెట్రోల్ బండి ఎవరు కొంటున్నారు, ఎలక్ట్రిక్ తీసుకో” అన్నాడు. తోటి టీచర్ ఒకామె తన 2016 స్కూటీ పెప్ ప్లస్‌ను 18 వేలకు ఇస్తానంటున్నారు. బజార్లో ఒక షాపువాళ్లు చిన్న బ్యాటరీ బండి చూపించి “మేడమ్, దీనికి లైసెన్సే అక్కర్లేదు” అన్నారు. అత్తమ్మేమో “బస్సు ఫ్రీ ఉండంగ ఈ వయసుల బండెందుకు బిడ్డా” అంటున్నారు.

అసలు సంగతి మూడో పేజీలో ఉంది. ఆమెకు సైకిల్ కూడా సరిగా రాదు. ఎత్తు నాలుగు అడుగుల పదకొండు అంగుళాలు. జనవరిలో భర్త స్నేహితుడి స్కూటర్ తెచ్చి కాలేజీ గ్రౌండులో నేర్పించబోయారు. రెండో రోజు, బండి ఆపి దిగుతుండగా అది ఒక్కసారిగా ముందుకు దూకింది. ఆమె కింద పడ్డారు. మోచేయి గీసుకుపోయింది, బండి అద్దం పగిలింది. వాకింగ్‌కి వచ్చినవాళ్లందరి ముందూ భర్త “నీతో కాదు, వదిలెయ్” అని అరిచారు. ఆ తర్వాత ఆమె మళ్లీ బండి ముట్టుకోలేదు.

చివర ఇలా రాశారు: “నాకు బండ్ల గురించి ఏమీ తెలియదు. తలా ఒకటి చెబుతున్నారు. ఒక్క పేరు చెప్పండి చాలు, వెళ్లి కొనేస్తాను. జూన్ 12న బడి తెరిచేలోపు చేతిలో బండి ఉండాలి. ఇంకొక సందేహం, నవ్వకండి. హెల్మెట్ పెట్టుకుంటే నా కొప్పు సంగతేమిటి?”

టీచర్ గారూ,

పేరు చెప్పడం రెండు నిమిషాల పని. చెబితే మీరు నిజంగానే వెళ్లి కొనేస్తారేమోనని భయమేసి ఆగాను. నేను అలా కొన్నదాన్నే. 2004లో, నాకు 37 ఏళ్లప్పుడు, మా ఆయన షోరూంలో చూసి ముచ్చటపడి ఒక పెద్ద స్కూటర్ బుక్ చేశారు. మంచి బండే. రేకు బాడీ, గట్టి ఇంజన్, చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఒక్కటే ఇబ్బంది. మా వరండాలోంచి గేటు దాకా దాన్ని వెనక్కి లాగడం నా వల్ల అయ్యేది కాదు. ఎవరైనా బయటికి తీసి పెడితే నడిపేదాన్ని, తీసేవాళ్లు లేని రోజు ఆటో ఎక్కేదాన్ని. ఎనిమిది నెలలు పాత దుప్పటి కప్పుకుని అలా నిలబడింది. చివరికి అమ్మేసి, పక్కింటి అమ్మాయి పెళ్లయి వెళ్తూ వదిలించుకున్న చిన్న బండి తీసుకున్నాను. దాన్ని ఆరేళ్లు తిప్పాను.

రోడ్డెక్కాక ఏ స్కూటరైనా తేలిగ్గానే ఉంటుంది. దాని బరువు తెలిసేది ఇంజన్ ఆపాక. బడి ముందు మట్టిలోంచి వెనక్కి తీసేటప్పుడు, ఇంటి ర్యాంపు మీద నిలబెట్టేటప్పుడు, స్టాండు వేసేటప్పుడు. కొత్తవాళ్లు ఎక్కువగా పడేది కూడా అక్కడే, పరుగు మీద కాదు. మీరు పడిందీ అలాగే కదా.

ఆ పడటం గురించి ముందు మాట్లాడుకుందాం, మీ భయమంతా అక్కడే ఉంది కాబట్టి. గేర్లు లేని స్కూటర్‌లో చేతితో పట్టే క్లచ్ ఉండదు. రేస్ కొద్దిగా పెరగగానే లోపల క్లచ్ దానంతటదే పట్టుకుంటుంది, చక్రం తిరుగుతుంది. ఆ రోజు మీరు బండి ఆపారు, ఇంజన్ మాత్రం ఆపలేదు. దిగేటప్పుడు ఆసరా కోసం కుడి హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నారు. ఒళ్లు పక్కకు వాలగానే మణికట్టు తిరిగింది, రేస్ తిరిగింది. బండి దూకింది. భయపడి ఇంకా గట్టిగా పట్టుకుంటాం, ఇంకా రేస్ తిరుగుతుంది. ముందు బ్రేకూ అదే చేతికి ఉండటం మరో చిక్కు. కొత్తలో ఇది జరగని మనిషి అరుదు, మగవాళ్లతో సహా. వాళ్లు చెప్పుకోరు, అంతే. బండి ఆగగానే ఎడమ బ్రేకు పట్టుకునే ఉంచి, కుడి చేత్తో తాళం తిప్పి ఇంజన్ ఆపేసి, ఆ తర్వాతే సీటు మీంచి లేవండి. నెట్టేటప్పుడు ఎప్పుడూ ఇంజన్ ఆగే ఉండాలి. ఆ రోజు మీ ఆయన ఈ ఒక్క మాట చెప్పి ఉంటే అద్దం మిగిలేది.

ఇప్పుడు ఆయన చెప్పిన 125 సీసీ సంగతి. సీసీ పెరిగితే బండి బరువు పెరుగుతుందని మనం అనుకుంటాం. స్కూటర్లలో అది అంత నిజం కాదు. 125 సీసీ సుజుకి యాక్సెస్, 110 సీసీ హోండా యాక్టివా, టీవీఎస్ జూపిటర్ అన్నీ 105 కిలోల అటూ ఇటే. 125 సీసీ అయినా యమహా ఫాసినో 99 కిలోలే. రహదారి మీద ఆరు కిలోమీటర్లు వెళ్లాలంటే కాస్త బలమున్న ఇంజన్ మంచిదే కూడా. కాబట్టి మీ ఆయన మాటను కొట్టిపారేయకండి. ఆయన పొరపాటు సీసీలో లేదు, “అందరికీ పనికొస్తుంది” అనడంలో ఉంది. ఐదడుగుల ఎనిమిదంగుళాల మనిషికి సుఖంగా ఉన్న సీటు మీకు సుఖంగా ఉండదు. అందరికీ సరిపోయే బండి మీ ఇంట్లో చివరికి ఎవరి చేతిలో ఉంటుందో మీకే బాగా తెలుసు.

ఇక బాబు. ఇంటర్ అంటే పదహారో పదిహేడో. పద్దెనిమిది నిండకుండా ఈ బండ్లు నడపకూడదు. 2019లో సవరించిన మోటారు వాహన చట్టం ప్రకారం మైనర్ నడిపి పట్టుబడితే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలల పాటు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ కూడా ఇవ్వరు. బండి మీ పేరు మీద ఉంటుంది. మీరేమో ప్రభుత్వ ఉద్యోగి. “బాబూ వాడుకుంటాడు” అన్న మాట మళ్లీ వచ్చినప్పుడు కోపగించుకోకుండా ఈ సంగతి చదివి వినిపించండి. వాడి వయసు రానివ్వండి, అప్పుడు వాడి బండి సంగతి చూద్దురుగాని.

బజార్లో చూపించిన చిన్న బ్యాటరీ బండి గురించి ఎక్కువ చెప్పను. లైసెన్స్ అక్కర్లేదన్నది నిజమే. గంటకు 25 కిలోమీటర్లు దాటకుండా, మోటారు 250 వాట్లు మించకుండా ఉంటే దానికి రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. వీధి చివర కూరగాయలకు వెళ్లడానికి బాగుంటుంది. రాజీవ్ రహదారి మీద గ్రానైట్ లారీల మధ్య 25 వేగంతో వెళ్లడమంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. కొందరు “ఒక వైరు తీసేస్తే 45 పోతుంది మేడమ్” అంటారు. తీసేసిన క్షణం నుంచి అది రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, లైసెన్స్ అన్నీ కావాల్సిన బండి అయిపోతుంది, మీ దగ్గర అవేవీ ఉండవు. దీన్ని పక్కన పెట్టేయండి.

మీ తమ్ముడి మాటలో పస ఉంది. మీది రోజుకు 32 కిలోమీటర్లు. నెలకు 24 పనిదినాలంటే 768. పెట్రోల్ బండి లీటరుకు 45 ఇస్తుందనుకున్నా 17 లీటర్లు, లీటరు 108 లెక్కన 1,800 రూపాయల పైమాట. ఎలక్ట్రిక్‌కు ఇదే దూరం 30 యూనిట్ల లోపు కరెంటుతో అయిపోతుంది, అంటే నెలకు రెండు వందల చిల్లర. పైగా తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ 2026 డిసెంబర్ 31 దాకా ఉంది. మీకు ప్రత్యేకంగా పనికొచ్చేది ఇంకొకటి: టీవీఎస్ ఐక్యూబ్, ఏథర్, చేతక్ లాంటి వాటిలో రివర్స్ ఉంటుంది. నేను ఎనిమిది నెలలు ఏడ్చిన ఆ వెనక్కి లాగుడు అవి మెల్లగా వాటంతటవే చేస్తాయి. ఎకో మోడ్‌లో పెడితే పికప్ కూడా నెమ్మదిగా ఉంటుంది.

రెండో వైపు చూడండి. ఇవి బరువు. ఐక్యూబ్ 115 కిలోల పైన, రేకు బాడీ ఉన్న చేతక్‌లో కొన్ని మోడళ్లు 130 దాటుతాయి. వంగిపోతే నిలబెట్టడం కష్టం. చప్పుడు ఉండదు. ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో కొత్తవాళ్లకు తెలియదు, మీ జనవరి ప్రమాదం మళ్లీ జరగడానికి అనువైన పరిస్థితి అది. మీరు అద్దెకు పై పోర్షన్లో ఉంటున్నామని రాశారు. బండి కింద ఉంటుంది, మీ మీటరు ఎక్కడుంది? ఇంటి ఓనర్ ప్లగ్గులో పెట్టి నెల నెలా లెక్కలు చెప్పుకోవడం కంటే పెట్రోల్ బంకులో క్యూ నయం. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మీ మీటరు నుంచి కిందికి ఎర్తింగుతో సహా ఒక లైన్ లాగడం కుదురుతుందో లేదో అడగండి. కుదిరితే, ఓనర్ ఒప్పుకుంటే, తమ్ముడి మాట వినవచ్చు. కాస్త పెద్ద బ్యాటరీది కావాలంటే మాత్రం మీ 90 వేలు చాలవు, కిస్తీ పడుతుంది. నెలకు పెట్రోల్ మీద మిగిలే పదహారు వందలు ఆ కిస్తీలోకి పోతాయనుకుని లెక్క వేసుకోండి. కుదరకపోతే ఆ ఆలోచన సొంతిల్లు అయ్యేదాకా ఆపండి.

ఇప్పుడు 18 వేల స్కూటీ. దీని మీద నాకు పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటున్నాను.

పెప్ ప్లస్ 87.8 సీసీ, 95 కిలోల లోపే. ఇరుకు సందుల్లో తిప్పుకోవచ్చు, పడినా ఒక్కరే లేపవచ్చు. గీతలు పడితే మనసు చివుక్కుమనదు, ముందే ఉన్నాయి కాబట్టి. ఏడాది నేర్చుకుని మళ్లీ 13, 14 వేలకు అమ్మినా మీకు నష్టం నాలుగైదు వేలు. డ్రైవింగ్ నేర్చుకున్న ఫీజు అనుకోవచ్చు. మిగతా 72 వేలూ అలాగే ఉంటాయి. ఏడాది నడిపాక మీకేం కావాలో మీకే తెలుస్తుంది. సీటు గట్టిగా ఉందా, డిక్కీలో నోటు పుస్తకాల కట్ట పడుతుందా, గతుకులకు నడుం పడుతోందా అన్నవి షోరూంలో కూర్చుంటే తెలిసే సంగతులు కావు.

లోటుపాట్లు లేవని కాదు. 125 సీసీ దాకా ఉన్న బండ్లకు ఎడమ బ్రేకు నొక్కితే ముందు చక్రానికి కూడా బ్రేకు పడే సీబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది. ఈ 2016 బండిలో అది ఉండదు. చక్రాలు పది అంగుళాలవి, గుంతలో పడితే గట్టిగా తెలుస్తుంది. పెద్ద లారీ పక్కనుంచి దాటిపోతే తేలిక బండి ఊగుతుంది. రోజూ రహదారి మీద 60 వేగంతో వెళ్లడానికి దీన్ని కొనకండి.

కొంటే మాత్రం స్నేహం పక్కన పెట్టి నాలుగు చూసుకోండి. తెల్లారే వెళ్లండి, ఇంజన్ చల్లగా ఉండగానే మీ ముందు స్టార్ట్ చేయమనండి. వేడెక్కించి ఉంచిన బండి ఎప్పుడైనా స్టార్ట్ అవుతుంది. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. ఆ టైర్లు బండితో వచ్చినవే అయితే రెండూ మార్పించే ఖర్చు ధరలోంచి తగ్గించుకోండి. లోపలి బెల్టు ఎప్పుడు మార్చారో అడగండి. ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాలు, పెండింగ్ చలాన్లు చూసుకోండి. ఫైనాన్స్ మీద కొన్నదైతే ఆ పేరు ఆర్సీలోంచి తీయించారా? ఫారం 29, 30 మీద సంతకాలు అయి మీ పేరు మీదికి మారేదాకా డబ్బు మొత్తం ఇవ్వొద్దు. “మనం మనం టీచర్లం, తర్వాత చూసుకుందాం” అనే మాట దగ్గరే ఇలాంటివి చెడతాయి.

నాకు తట్టిన ఇంకో దారి చెబుతాను, మీ ఇంట్లో ఎవరూ అనలేదు. బస్సు ఫ్రీ అన్న అత్తమ్మ మాటలో కూడా సగం న్యాయం ఉంది. ఆ స్కూటీని కొని, స్టేజీ దగ్గర మీ బడి పిల్లల తల్లిదండ్రుల కిరాణా కొట్టో, టీ హోటలో ఉంటే అక్కడ పెట్టండి. స్టేజీ దాకా బస్సులో వెళ్లండి. అక్కడి నుంచి మూడు కిలోమీటర్లు మీ బండి మీద. ఆటో నిండేదాకా ఎదురుచూపు పోతుంది. లారీలు లేని ఊరి రోడ్డు మీద రోజూ ఆరు కిలోమీటర్ల ప్రాక్టీసు దొరుకుతుంది. టీచరమ్మ బండి అంటే ఊళ్లో కనిపెట్టుకుని ఉంటారు. దీంట్లో లోపం, ఎనిమిదింటి బస్సు తిప్పలు అలాగే ఉంటాయి. ఒక ఆర్నెల్లు ఇలా చేసి, చేయి తిరిగాక దసరా తర్వాతో సంక్రాంతి తర్వాతో ఇంటి నుంచే బయల్దేరవచ్చు. అప్పుడు బలమైన బండి కొనుక్కోవచ్చు.

పాతది వద్దు, ఒకేసారి కొత్తదే అనుకుంటే అందులో తప్పేమీ లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, మీ డబ్బుకు కాస్త అటూ ఇటూగా 110 సీసీ బండి వస్తుంది. టీవీఎస్ జెస్ట్, హీరో ప్లెజర్ ప్లస్ లాంటివి చిన్నగా, సన్నగా ఉంటాయి కానీ చక్రాలు రెండూ పది అంగుళాలవే. జూపిటర్‌కు రెండూ పన్నెండు, యాక్టివాకు ముందుది పన్నెండు. మీ లోపలి రోడ్డు గుంతలకు పన్నెండు నయం, మీ ఎత్తుకు మొదటి రెండూ నయం. ఇందులో ఏది ముఖ్యమో కూర్చుని చూస్తే గానీ తేలదు.

షోరూంకి బడికి వెళ్లే చీరలో, బడికి వేసుకునే చెప్పులతోనే వెళ్లండి. కాగితం మీద సీటు ఎత్తులు అన్నిటివీ 76, 77 సెంటీమీటర్ల దగ్గరే ఉంటాయి, వాటిని నమ్మకండి. సీటు వెడల్పుగా ఉంటే కాళ్లు పక్కకు జరిగి నేల అందదు, ఇరుకుగా ఉంటే అదే ఎత్తు అందుతుంది. మీ ఎత్తుకు రెండు పాదాలూ మడమలతో సహా ఆనే బండి దొరకడం కష్టం. సీటు ముందుకు జరిగి కూర్చుంటే రెండు పాదాల ముందు సగం గట్టిగా ఆనాలి, అది చాలు. తర్వాత దిగి, ఇంజన్ ఆపి, అక్కడి అబ్బాయిని దూరంగా ఉండమని చెప్పి, మీరే పది అడుగులు వెనక్కి లాగండి. ఆపై డబుల్ స్టాండు వేయండి. చేతులతో ఎత్తకూడదు. స్టాండు పిడి మీద కాలు పెట్టి ఒంటి బరువంతా దాని మీద వేస్తే బండి దానంతటదే ఎక్కుతుంది. మూడుసార్లు ప్రయత్నించినా మీతో కాని బండిని, ఎంత రంగు బాగున్నా, వదిలేయండి. ఇంకొంచెంలో అందకపోతే, సీటు కుట్టేవాళ్లు ఫోమ్ ఒక అంగుళం కోసి ఇస్తారు.

మీ ఆయన విషయం. ఉత్తరమంతా చదివితే ఆయన చెడ్డవారని నాకు అనిపించలేదు. స్నేహితుణ్ణి అడిగి బండి తెచ్చారు, రెండు రోజులు ఎండలో వెంట పరిగెత్తారు. భయపడ్డారు, అరిచారు. అందరి ముందూ అనడం తప్పే. కానీ మొగుడు పెళ్లానికి బండి నేర్పడమన్నది మంచి కాపురాలకు కూడా గట్టి పరీక్ష, దాన్ని ఆయనకు పెట్టకండి. ఆయనకు వేరే పని అప్పగించండి. కాగితాలు చూడటం, ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేవాళ్ల లైసెన్స్) స్లాట్ బుక్ చేయడం, పాత బండిని మెకానిక్‌కు చూపించడం. అవి ఆయన బాగా చేస్తారు, గౌరవంగానూ ఉంటుంది. నేర్పడానికి ఆడవాళ్లకు స్కూటర్ నేర్పే డ్రైవింగ్ స్కూల్ మీ దగ్గర ఉందేమో విచారించండి. లేకపోతే ఆ స్కూటీ అమ్ముతానన్న టీచర్నే అడగండి. ఆమె అదే బండి మీద అదే భయం దాటి వచ్చి ఉంటారు.

జూన్ 12 గురించి తొందరపడకండి. ముందు ఎల్ఎల్ఆర్ తీసుకోండి. అది ఆరు నెలలు చెల్లుతుంది, తీసుకున్న ముప్పై రోజుల తర్వాత అసలు లైసెన్స్ పరీక్షకు వెళ్లవచ్చు. అక్కడ కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె తిప్పాలి. పరీక్షకు బండి మీరే తీసుకెళ్లాలి. గేర్లు లేని బండికి విడిగా లైసెన్స్ ఉంటుంది, అదే అడగండి. ఎల్ఎల్ఆర్ ఉన్నన్నాళ్లూ బండికి ఎల్ బోర్డు ఉండాలి, నేర్పేవాళ్లను తప్ప ఎవరినీ వెనక ఎక్కించుకోకూడదు.

నేర్చుకోవడం సైకిల్‌తో మొదలుపెట్టండి. పక్కింటి పిల్లల సైకిల్ అడిగి, సీటు బాగా దించి, పెడల్స్ రెండూ విప్పించండి. కూర్చుని రెండు కాళ్లతో నేలను తోసుకుంటూ వెళ్లాలి. నాలుగు రోజులకు కాళ్లు పైకెత్తినా పడకుండా పది అడుగులు జారిపోతారు. బ్యాలెన్స్ అంటే అంతే, ఇక పోదు. పొద్దున ఆరింటికి వెళితే వాకింగ్‌వాళ్లు ఉంటారని మీ బెంగ కదా, ఐదుంబావుకు వెళ్లండి. వేసవిలో అప్పటికే వెలుగు వస్తుంది. ఆ తర్వాత స్కూటర్ ఎక్కి, ఇంజన్ ఆపి, చిన్న వాలు మీద ఎడమ బ్రేకుతో ఆపడం ప్రాక్టీసు చేయండి. చివర్లోనే రేస్. ఇసుక ఉన్నచోట, హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు కుడి బ్రేకు ఒక్కసారిగా పట్టొద్దు, ముందు చక్రం జారుతుంది.

మీ దారిలో ఇంకొకటి ఉంది. యాసంగి కోతలప్పుడూ, మళ్లీ అక్టోబర్, నవంబర్లలోనూ లోపలి రోడ్ల మీద సగం దాకా వడ్లు ఆరబోస్తారు, అంచున రాళ్లు పెడతారు. వడ్ల మీద చక్రం నీళ్ల మీద జారినట్టు జారుతుంది. వాటి మీదికి ఎక్కక తప్పనప్పుడు ముందే వేగం తగ్గించుకుని, బ్రేకు వేయకుండా, హ్యాండిల్ తిప్పకుండా నేరుగా దాటండి. చీకటి పడితే ఆ రాళ్లు కనబడవు. ఆ నెలల్లో సాయంత్రం ఐదున్నరలోపు ఇంటి ముఖం పట్టండి. మీటింగు పొడిగిస్తే హెడ్మాస్టర్ గారికి నా పేరు చెప్పండి.

కొప్పు సంగతి. నవ్వలేదు, నాకూ అదే సమస్య. కొప్పు మీద హెల్మెట్ కూర్చోదు. పైకి లేచి వదులుగా ఉంటుంది, పడితే ముందు అదే ఎగిరిపోతుంది. మెడ దగ్గర కిందికి వదులుగా ఒక జడ వేసి, బడికి వెళ్లాక చుట్టుకోండి. రెండు పిన్నుల పని. పట్టీ గడ్డం కింద బిగించి ఒక వేలు దూరేంత మాత్రమే సందు ఉంచాలి. ఐఎస్ఐ మార్కు చూసి కొనండి, 2021 జూన్ నుంచి ఆ మార్కు లేనివి అమ్మడానికే వీల్లేదు, అయినా రోడ్డు పక్కన వేలాడుతుంటాయి. చీర కొంగు నడుం చుట్టూ దోపుకోండి, వెనక చక్రానికి సారీ గార్డ్ ఉందో లేదో చూసుకోండి. బండి ఏదన్నది తేలకపోయినా హెల్మెట్ ఈ వారమే కొనుక్కోవచ్చు. సైకిల్ మీద నేర్చుకునేటప్పుడూ అదే పెట్టుకోండి. కొలత చూసుకోవడానికి వెళ్లే రోజు మాత్రం తల్లో పూలు పెట్టుకుని వెళ్లకండి, ఒక సైజు పెద్దది అంటగడతారు.